మీ కుక్కకి సూదులు: 3000 ఏళ్ళ వైద్యమా, 50 ఏళ్ళ వైద్యమా?

ఈ రోజు టాపిక్ కొంచెం వెరైటీగా ఉంటుంది. కుక్కలకీ పిల్లులకీ చేసే అక్యుపంక్చర్. అవును, సూదులే. ఒక ముసలి లాబ్రడార్ పరుపు మీద పడుకుని ఉంటుంది, దాని వీపు మీద పది పన్నెండు సన్నటి సూదులు నిలబడి ఉంటాయి, అది మాత్రం హాయిగా కళ్ళు మూసుకుని ఉంటుంది. ఇలాంటి రీల్ మీ ఫీడ్‌లో కూడా ఒకటో రెండో వచ్చే ఉంటుంది. కింద క్యాప్షన్ దాదాపు ఎప్పుడూ ఒకటే: మూడు వేల ఏళ్ళ నాటి ప్రాచీన చైనా వైద్యం.

ఈ ఎపిసోడ్‌లో నా ప్రశ్న ఒక్కటే. ఆ మూడు వేలు అనే నంబర్ ఎక్కడ నుంచి వచ్చింది?

"ఎన్నేళ్ళదైతే ఏంటి బ్రో, పని చేస్తే చాలు కదా" అని కొంతమంది అంటారు. కరెక్టే. కానీ ఆ నంబర్ ఊరికే అక్కడ కూర్చోలేదండి, అది పని చేస్తోంది. మూడు వేల ఏళ్ళు అనగానే మన బుర్రలో ఏం జరుగుతుంది? "అన్నేళ్ళు వాడారంటే ఏదో ఉండే ఉంటుంది" అనుకుంటాం. అంటే మూడు వేల ఏళ్ళ టెస్టింగ్ అయిపోయిన ప్రొడక్ట్ అన్నమాట. పన్నెండేళ్ళ కుక్క మెట్లెక్కలేక కింద కూర్చుని మూలుగుతుంటే, దాని మనిషి డబ్బు, టైమ్, ఆశ ఎక్కడ పెట్టాలో ఆ నమ్మకం మీదే నిర్ణయిస్తాడు. కుక్క నోరు తెరిచి "ఇక్కడ నొప్పి, ఇప్పుడు తగ్గింది" అని చెప్పలేదు. కాబట్టి దాని తరఫున మనమే చెక్ చేయాలి. కోడ్‌లో ఏదైనా లైన్ మీద డౌట్ వస్తే ముందు హిస్టరీ చూస్తాం కదా, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని. ఇక్కడా అదే చేద్దాం.

గుర్రాల పరీక్షకుడు డాక్టర్ ఎలా అయ్యాడు

కథ ఎక్కువగా మొదలయ్యేది బో లె అనే పేరుతో. క్రీస్తు పూర్వం 7వ శతాబ్దంలో చైనాలోని చిన్ రాజ్యంలో, మూ అనే ప్రభువు దగ్గర ఉండేవాడని చెబుతారు. అసలు పేరు సున్ యాంగ్ అంటారు. ఈయన స్పెషాలిటీ గుర్రాన్ని చూడగానే అది ఎంత గొప్పదో చెప్పేయడం. ఇప్పటికీ చైనీస్ భాషలో టాలెంట్‌ని గుర్తుపట్టి పైకి తెచ్చేవాళ్ళని బో లె అనే పిలుస్తారు. మన దగ్గర రత్నాల పారఖీ అన్నట్టు.

గమనించారా? పాత కథల్లో ఆయన పేరు నిలిచింది గుర్రాలను ఎంచడంలో. వైద్యుడిగా పేరు తర్వాత వచ్చింది. "బో లె సూదుల గ్రంథం" అని ఒక పాఠం ఉంది, నిజమే. కానీ అది మనకి దొరికేది టాంగ్ రాజవంశం కాలం నాటి ఒక గుర్రాల వైద్య సంకలనంలో. దాని పేరు సిము అన్‌జి జి, సుమారు 9వ శతాబ్దం. అంటే బో లె బతికాడంటున్న కాలానికీ, ఆయన పేరుతో చేతికి దొరికే రాతకీ మధ్య వెయ్యేళ్ళకు పైగా గ్యాప్. పాత గ్రంథాలకి పెద్దవాళ్ళ పేర్లు తగిలించడం మన దేశంలోనూ మామూలే. రాసినవాడు ఎవరైనా, పేరు మాత్రం ఋషిది. అప్పట్లో అది మోసం కాదు, గౌరవం. కానీ ఆ పేరు చూసి మనం డేట్ లెక్కేస్తే తప్పు సమాధానం వస్తుంది.

గుర్రం అంటే ఆ రోజుల్లో యుద్ధ ట్యాంకు

టాంగ్ వాళ్ళకి గుర్రాల వైద్యం ఎందుకు అంత ముఖ్యం? ఉత్తరాన స్టెప్పీ మైదానాల్లో గుర్రం మీదే పుట్టి పెరిగినట్టుండే సైన్యాలు. వాటితో పోరాడాలంటే గుర్రాలు కావాలి, వేలల్లో, లక్షల్లో. అందుకే టాంగ్ ప్రభుత్వంలో గుర్రాల కోసం ప్రత్యేక శాఖే ఉండేది. అందులో 600 మంది పశువైద్యులు, వాళ్ళకి పాఠాలు చెప్పే గురువులు, 100 మంది విద్యార్థులు ఉండేవారని అప్పటి పాలనా రికార్డులు చెబుతాయి. ఇదొక సీరియస్ సర్కారీ వ్యవస్థ.

తర్వాత పెద్ద మైలురాయి 1608. మింగ్ రాజవంశం కాలం. ఇప్పటి అన్‌హుయ్ ప్రాంతంలో లూఆన్ అనే ఊరికి చెందిన ఇద్దరు అన్నదమ్ములు, యూ బెన్‌యువాన్, యూ బెన్‌హెంగ్, ఇద్దరూ పశువైద్యులే, కలిసి ఒక పుస్తకం తెచ్చారు. పేరు యువాన్ హెంగ్ ల్యావ్ మా జి. వాళ్ళ పేర్ల చివరి ముక్కలే పుస్తకం పేరు మొదట్లో ఉన్నాయి చూడండి. గుర్రాలకి వచ్చే జబ్బులు, మందులు, సూది పెట్టే చోట్లు అన్నీ ఉన్న ఈ పుస్తకం తర్వాతి తరాల పశువైద్యులకి టెక్స్ట్‌బుక్ అయిపోయింది.

ఇందులో ఏ జంతువులు ఉన్నాయంటే: గుర్రాలు, ఎద్దులు, ఒంటెలు. దున్నేవి, మోసేవి, యుద్ధానికి వెళ్ళేవి. ఒళ్ళో కూర్చునే కుక్క కోసమో, కిటికీలో ఎండ కాచుకునే పిల్లి కోసమో ఎవరూ ఇంత శ్రమ పడలేదు. పశువు పడిపోతే పంట పోతుంది, పన్ను కట్టలేరు. ఆ వైద్యం వెనకున్న లెక్క అది.

ఆ సూది, ఈ సూది ఒకటేనా?

ఇక్కడే అసలు విషయం ఉంది. చైనీస్‌లో "జెన్" అంటే సూది. పాత పుస్తకంలో "ఇక్కడ జెన్ పెట్టు" అని ఉంటే, మనం ఇప్పుడు రీల్‌లో చూసే వెంట్రుకలాంటి స్టీల్ సూదినే ఊహించుకుంటాం. కానీ చైనా పశువైద్యంలో సూదులు ప్రధానంగా మూడు రకాలు. ఒకటి రక్త సూది: సిరని పొడిచి నెత్తురు తీయడం. రెండోది అగ్ని సూది: ఎర్రగా కాల్చి గుచ్చడం. మూడోది తెల్ల సూది: నెత్తురు రాకుండా కండలో గుచ్చడం. ఇప్పటి అక్యుపంక్చర్‌కి దగ్గరగా ఉండేది ఈ మూడోది మాత్రమే.

పాత గుర్రాల గ్రంథాల్లో రక్తం తీయడం, వాతలు పెట్టడం చాలా ఎక్కువ. గుర్రం మెడలో ఉండే పెద్ద సిరని పొడిచి నెత్తురు తీసేవారు. విచిత్రం ఏంటంటే, అదే కాలంలో యూరప్‌లో కూడా గుర్రాల వైద్యులు అదే సిరని అలాగే పొడిచేవారు. డేవిడ్ రేమీ అనే అమెరికన్ గుర్రాల డాక్టర్, పాల్ బ్యూల్ అనే చరిత్రకారుడు కలిసి ఈ పాత గ్రంథాల మీద పని చేశారు. వాళ్ళ వాదన సూటిగా ఉంటుంది. ఈ గ్రంథాల్లో ఉన్నదాన్ని ఇవాళ్టి అర్థంలో అక్యుపంక్చర్ అనడం కుదరదు, ఎక్కువ భాగం రక్తం తీయడం, కాల్చడం అని. వాళ్ళతో ఒప్పుకోని వాళ్ళు కూడా ఉన్నారు, తెల్ల సూది సంగతేంటి అని అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ రీల్‌లో కనిపించే దృశ్యం 1608 నాటి గుర్రాల పాకలో కనిపించేది కాదు అన్నది మాత్రం స్పష్టం.

ఇది మనకి మరీ కొత్తగా అనిపించక్కర్లేదు. మన పల్లెల్లో ఎద్దు కుంటితేనో, మెడ వాస్తేనో కర్రు కాల్చి వాతలు పెట్టేవారు. మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి, చూసే ఉంటారు. చైనాలో అగ్ని సూది, మన దగ్గర వాత, యూరప్‌లో కూడా కాల్చిన ఇనుమే. పశువుకి నొప్పి వస్తే మనిషికి తోచిన ఉపాయాలు ప్రపంచం అంతా ఒకేలా ఉన్నాయి. ఆ వాతలన్నీ ప్రాచీనమే. ప్రాచీనం అయినంత మాత్రాన ఇవాళ మన కుక్కకి వాత పెట్టిస్తామా?

ఏనుగు పటం సంగతి

ఇంకో క్లెయిమ్ కూడా బాగా తిరుగుతుంది. శ్రీలంకలో మూడు వేల ఏళ్ళ నాటి తాళపత్రం దొరికిందట, అందులో ఏనుగుకి అక్యుపంక్చర్ పాయింట్లు గీసి ఉన్నాయట. వినడానికి చాలా బాగుంది. కానీ తాటాకు గురించి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా. మన ఉక్కపోతలో, వానల్లో, పురుగుల్లో తాళపత్రం కొన్ని వందల ఏళ్ళు నిలబడడమే గొప్ప. అందుకే మన పూర్వీకులు ఎప్పటికప్పుడు మళ్ళీ ప్రతి రాయించేవారు. శ్రీలంక వాతావరణంలో మూడు వేల ఏళ్ళ తాటాకు అంటే నమ్మడం కష్టం.

ఏనుగు మీద పాయింట్లు ఉన్న మాట మాత్రం నిజమే. శ్రీలంకలో వాటిని నిల అంటారు. మావటివాడు అంకుశంతో ఎక్కడ నొక్కితే ఏనుగు ఆగుతుంది, ఎక్కడ నొక్కితే కూర్చుంటుంది, ఎక్కడ గుచ్చితే ప్రమాదం అనే లెక్క అది. మన దేశంలో కూడా పాలకాప్యుడి పేరుతో హస్త్యాయుర్వేదం, గుర్రాలకైతే శాలిహోత్రుడి పేరుతో శాస్త్రం ఉన్నాయి. ఇవన్నీ గొప్ప జ్ఞానమే. కానీ ఏనుగుని అదుపు చేసే పాయింట్‌ని తీసుకొచ్చి జబ్బు నయం చేసే పాయింట్ అని లేబుల్ మార్చేస్తే, అటు మావటివాడికీ అన్యాయమే, ఇటు వైద్యానికీ అన్యాయమే.

మధ్యలో ఇంటివాళ్ళే వద్దన్నారు

"మూడు వేల ఏళ్ళుగా ఆగకుండా నడుస్తున్న సంప్రదాయం" అనే మాట ఇంకో చోట కూడా నిలబడదు. 1822లో చింగ్ చక్రవర్తి దావోగ్వాంగ్ తన ఆస్థాన వైద్య సంస్థలో అక్యుపంక్చర్ శాఖని తీసేయించాడు. 1929లో నేషనలిస్ట్ ప్రభుత్వం హయాంలో సంప్రదాయ వైద్యాన్నే మొత్తం రద్దు చేయాలని ప్రతిపాదన వచ్చింది. వైద్యులు రోడ్ల మీదికొచ్చి గొడవ చేస్తే వెనక్కి తగ్గారు.

అలాంటి టైమ్‌లో, 1930ల్లో, చెంగ్ డాన్ఆన్ అనే వైద్యుడు మనుషుల అక్యుపంక్చర్‌ని దాదాపు కొత్తగా కట్టాడు. లావు సూదుల బదులు సన్నటి సూదులు వాడాడు. పాయింట్లని రక్తనాళాల దగ్గర నుంచి నరాల వైపు జరిపాడు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే పేరు పాతదే, లోపల కోడ్ రీరైట్. ఇవాళ మనకి తెలిసిన సన్న సూదుల అక్యుపంక్చర్‌కి దగ్గరి పూర్వీకుడు ఇదే.

ఇక 1949 తర్వాత మావో ప్రభుత్వం. కోట్లాది జనం, కోట్లాది పశువులు, చదువుకున్న డాక్టర్లేమో చాలా తక్కువ. ఉన్నదాంతోనే పని నడపాలి. 1956 జనవరిలో ప్రభుత్వం పల్లెల్లో ఉండే నాటు పశువైద్యుల్ని పనిలోకి తీసుకోవాలని, వాళ్ళ విద్యని కాపాడాలని ఆదేశం ఇచ్చింది. కాలేజీల్లో సంప్రదాయ పశువైద్యం పాఠం అయింది. అప్పుడు కూడా ఫోకస్ గుర్రం, ఎద్దు, గేదె, పంది. కుక్క కాదు. పైగా 1980ల్లో బీజింగ్ నగరంలో పెంపుడు కుక్కల మీద నిషేధం కూడా పెట్టారు. అలాంటి చోట కుక్కల అక్యుపంక్చర్ క్లినిక్ ఎలా పుడుతుంది చెప్పండి?

మరి కుక్క ఎక్కడ ఎక్కింది ఈ బండి?

అమెరికాలో. 1971లో న్యూయార్క్ టైమ్స్ జర్నలిస్ట్ జేమ్స్ రెస్టన్ చైనా వెళ్ళాడు. బీజింగ్‌లో అపెండిసైటిస్ వచ్చింది, ఆపరేషన్ చేశారు. మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే చేశారు. ఆపరేషన్ తర్వాత రెండో రోజు రాత్రి కడుపు ఉబ్బి ఇబ్బంది పడుతుంటే, మోచేతి దగ్గర, మోకాళ్ళ కింద సూదులు పెట్టారు. కాస్త ఉపశమనం వచ్చిందని ఆయన జులై 26న పేపర్లో రాశాడు. జనం చెప్పుకుంటూ చెప్పుకుంటూ దాన్ని "మత్తు లేకుండా సూదులతోనే ఆపరేషన్ చేశారు" అనే లెవెల్‌కి తీసుకెళ్ళారు. వాట్సాప్ లేని రోజుల్లో కూడా ఫార్వర్డ్‌లు అలాగే నడిచేవి అన్నమాట. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్ళాడు. దాంతో అమెరికాలో అక్యుపంక్చర్ క్రేజ్ మొదలైంది.

ఆ ఊపులో లాస్ ఏంజెలెస్‌లో అక్యుపంక్చర్ నేర్చుకున్న ఒక చిన్న గ్రూప్, కొంతమంది పశువైద్యులతో కలిసి కుక్కల మీద, గుర్రాల మీద ప్రయత్నాలు మొదలుపెట్టింది. తుంటి కీలు సరిగ్గా కుదరక కుంటే పెద్ద జాతి కుక్కలు, అంటే హిప్ డిస్‌ప్లేసియా ఉన్నవి, వాళ్ళ మొదటి పేషెంట్లలో ఉన్నాయి. 1974లో ఇంటర్నేషనల్ వెటర్నరీ అక్యుపంక్చర్ సొసైటీ ఏర్పడింది. పశువైద్యులకి కోర్సులు, సర్టిఫికెట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. 1998లో ఫ్లోరిడాలో చి ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. ఇప్పుడు షాంఘైలో కూడా కుక్కలకీ పిల్లులకీ సూదులు వేసే క్లినిక్‌లు ఉన్నాయి. నగరాల్లో పెంపుడు జంతువులు పెరిగాక వచ్చినవి అవి.

కాబట్టి లెక్క ఇదీ: జంతువులకి సూది గుచ్చడం పాతది. ఇంటి కుక్కకి, సన్నటి సూదులతో, మనిషి పాయింట్ల పటం చూసుకుని చేసే అక్యుపంక్చర్ వయసు సుమారు 50 ఏళ్ళు. మా నాన్నగారి కంటే చిన్నది.

పోర్టింగ్ ప్రాబ్లమ్

"మనిషి పాయింట్ల పటం" అన్నాను కదా, ఇది ఇంజనీరింగ్ వాళ్ళకి బాగా నచ్చుతుంది. మనిషికి మెరిడియన్లు అని గీతలు ఉంటాయి, వాటి మీద పాయింట్లు. చాలా మెరిడియన్లు చేతి వేళ్ళ దగ్గరో కాలి వేళ్ళ దగ్గరో మొదలవుతాయి, లేదా ముగుస్తాయి. వీటిని కుక్క మీదికి, గుర్రం మీదికి పోర్ట్ చేశారు. దీన్ని ట్రాన్స్‌పోజిషన్ అంటారు.

ఇప్పుడు హార్డ్‌వేర్ చూడండి. గుర్రానికి కాలికి ఒకటే వేలు, అదే గిట్ట. మరి ఐదు వేళ్ళ దగ్గర ఉండాల్సిన పాయింట్లు ఎక్కడ పెట్టాలి? మనిషి కాలి బొటనవేలి దగ్గర రెండు మెరిడియన్లు మొదలవుతాయి. చాలా కుక్కలకి వెనక కాలికి ఆ వేలే ఉండదు. గాల్ బ్లాడర్ మెరిడియన్ అని ఒకటుంది, గుర్రానికి గాల్ బ్లాడరే లేదు. మనిషి నడుములో ఐదు వెన్నుపూసలు, కుక్కకి ఏడు. వెన్నుపూసలు లెక్కపెట్టి గుర్తుపట్టే పాయింట్లు అక్కడ ఎలా మ్యాప్ అవుతాయి? చేసేవాళ్ళు దీనికి సర్దుబాట్లు చేసుకున్నారు, కానీ ఆ సర్దుబాట్లు గత 50 ఏళ్ళలో చేసినవి. వాటిని ప్రాచీన చైనా ఖాతాలో వేయడం కుదరదు.

అయితే అంతా ఉత్తదేనా?

ఆగండి. అంత తొందరగా స్క్రోల్ చేసేయకండి. చరిత్ర తప్పు చెప్పారంటే వైద్యం కూడా పని చేయదని ఆటోమేటిక్‌గా రుజువు అయిపోదు. అవి రెండూ వేరు ప్రశ్నలు.

1970ల్లో బీజింగ్‌లో హాన్ జిషెంగ్ అనే శాస్త్రవేత్త కుందేళ్ళ మీద ఒక ప్రయోగం చేశారు. అక్యుపంక్చర్ చేసిన కుందేలు మెదడు దగ్గరి ద్రవాన్ని తీసి, సూది తగలని కుందేలుకి ఎక్కించారు. ఆ రెండో కుందేలుకి కూడా నొప్పి తట్టుకునే శక్తి పెరిగింది. అంటే లోపల ఏదో రసాయనం విడుదలవుతోంది. తర్వాత టొరంటోలో బ్రూస్ పోమెరాంజ్ ఎలుకల మీద పని చేసి, నాలోక్సోన్ అనే మందు ఇస్తే ఆ ప్రభావం ఆగిపోతుందని చూపించారు. నాలోక్సోన్ ఓపియాయిడ్లని అడ్డుకునే మందు. కాబట్టి ఇక్కడ శరీరం సొంతంగా తయారుచేసే నొప్పి మందులు, ఎండార్ఫిన్ల లాంటివి, పని చేస్తున్నాయన్నమాట. సూది గుచ్చితే శరీరం స్పందిస్తుంది, ఇందులో మాయ ఏమీ లేదు. కానీ కుంటే కుక్కకి నెలల తరబడి మేలు జరుగుతుందా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న.

దానికి ట్రయల్స్ ఏం చెప్పాయి? ఒక ఉదాహరణ తీసుకుందాం. పాయింట్లలో చిన్న చిన్న బంగారపు ముక్కలు పెట్టి వదిలేసే పద్ధతి ఒకటుంది, హిప్ డిస్‌ప్లేసియాకి. 2001లో ఫిన్లాండ్ పరిశోధకులు 38 కుక్కల మీద డబుల్ బ్లైండ్ పద్ధతిలో చూశారు. ఏ కుక్కకి బంగారం పెట్టారో ఓనర్‌కీ తెలియదు, పరీక్షించే డాక్టర్‌కీ తెలియదు. బంగారం పెట్టినవాటికీ, పెట్టనివాటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2006లో నార్డిక్ దేశాల్లోనే ఇంకో గ్రూప్ 78 కుక్కల మీద చేస్తే, బంగారం పెట్టినవాటికి నొప్పి తగ్గిందని వచ్చింది. ఒకటి కాదు అంది, ఒకటి అవును అంది. అదే 2006లో అప్పటిదాకా వచ్చిన ట్రయల్స్ అన్నీ కలిపి చూసిన ఒక సమీక్ష కూడా వచ్చింది. దాని తీర్పు: జంతువులకి అక్యుపంక్చర్ చేయండి అని చెప్పడానికీ, వద్దు అని చెప్పడానికీ సరిపడా బలమైన ఆధారం లేదు.

2010లో ఒక స్టడీలో వెన్ను డిస్క్ జారి చాలాకాలంగా నడవలేని 40 కుక్కల్ని చూశారు. కరెంటు కలిపిన అక్యుపంక్చర్ చేసిన 19లో 15 మెరుగయ్యాయి, ఆపరేషన్ మాత్రమే చేసిన 10లో 4. ఈ నంబర్ చూసి చాలామంది ఎగిరి గంతేస్తారు. కానీ కుక్కల్ని లాటరీ తీసి గ్రూపులుగా విడగొట్టలేదు. అలా విడగొట్టకపోతే రెండు గ్రూపుల కుక్కలూ మొదటి నుంచే వేరువేరు పరిస్థితుల్లో ఉండి ఉండొచ్చు. ఆసక్తికరమైన రిజల్ట్, కానీ ఫైనల్ కాదు.

కళ్ళే మోసం చేస్తే

"ప్లాసిబో అంటే మనిషికి కదా, కుక్కకి సూది మీద నమ్మకం ఎక్కడుంటుంది? కుక్క బాగుపడిందంటే నిజంగా పని చేసినట్టే" అని చాలామంది అంటారు. లాజిక్ బాగానే ఉంది కదా? 2012లో వచ్చిన ఒక స్టడీ దీన్ని నేరుగా పరీక్షించింది. కీళ్ళ నొప్పితో కుంటుతున్న 58 కుక్కలకి మందు లేని మాత్రలు ఇచ్చారు. కుక్క ఏ కాలి మీద ఎంత బరువు వేస్తోందో నేలలో ఉన్న ఒక మెషిన్ కొలుస్తుంది. ఆ కొలతలతో పోల్చి చూస్తే, ఓనర్ల అంచనాల్లో దాదాపు 57 శాతం సార్లు ప్లాసిబో ప్రభావం కనిపించింది. డాక్టర్లకి కూడా 40 నుంచి 45 శాతం.

అర్థమైందా? ప్లాసిబో పడింది కుక్క మీద కాదండి, చూసే మన కళ్ళ మీద. మనం ప్రేమించే ప్రాణి బాగుపడాలని ఎంత కోరుకుంటామో, అంత బాగుపడినట్టు కనిపిస్తుంది. మనకి మనసు కుదుటపడుతుంది. కుక్క మాత్రం అదే నొప్పితో పడుకుంటుంది, చెప్పుకోలేదు. నాకైతే ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే బాధ కలిగించిన విషయం ఇదే. అందుకే ఇలాంటి చోట బ్లైండ్ ట్రయల్ అవసరం, మూడు వేల ఏళ్ళ కథ సరిపోదు. మూడు వేల ఏళ్ళు చూసినా, చూసినవి ఇవే కళ్ళు కదా.

మరి మనం ఏం చేయాలి?

మీ ఇంట్లో కుంటే ముసలి కుక్క ఉంటే, నాకు అర్థమైనంతలో చెబుతాను. నేను డాక్టర్‌ని కాదు, ఇది వైద్య సలహా కూడా కాదు.

మొదటిది, ముందు రోగం ఏంటో తేల్చుకోండి. ఎక్స్‌రే, పరీక్ష, పేరున్న డయాగ్నసిస్. ఉన్నట్టుండి వెనక కాళ్ళు పడిపోతే అది ఎమర్జెన్సీ. సూదుల అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ క్షణమే పశువుల ఆసుపత్రికి పరిగెత్తండి. అక్కడ ప్రతి గంటా లెక్కే.

రెండోది, బరువు. 2002లో 48 లాబ్రడార్ల మీద జీవితాంతం చేసిన స్టడీ ఒకటి వచ్చింది. 25 శాతం తక్కువ తిండి పెట్టినవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, కీళ్ళ జబ్బు కూడా ఆలస్యంగా వచ్చింది. పెరుగన్నం కాస్త తగ్గించడం ఫ్రీ ట్రీట్‌మెంట్ అన్నమాట.

మూడోది, మన మాత్రలు వాటికి వేయకండి. పిల్లికి పారాసిటమాల్ ప్రాణాంతకం. కుక్కకి ఐబుప్రోఫెన్ విషం. నొప్పి మందు పశువైద్యులు రాసిందే వాడాలి.

నాలుగోది, అన్నీ చేశాక, డాక్టర్ కూడా సరే అంటే, అదనంగా అక్యుపంక్చర్ ప్రయత్నించొచ్చు. సరిగ్గా చేస్తే పెద్దగా ప్రమాదం ఉండదు. కానీ చేసేది రిజిస్టర్ అయిన పశువైద్యులే అయి ఉండాలి. మన దేశంలో ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం, 1984 ప్రకారం పశువైద్యం చేసే హక్కు రిజిస్టర్ అయినవాళ్ళకే. సర్టిఫికెట్ గోడ మీద ఎంత పెద్దదున్నా, ముందు రిజిస్ట్రేషన్ అడగండి. మొదటి రోజు కుక్క నడక వీడియో తీసి పెట్టుకోండి. నెల తర్వాత అదే నేల మీద, అదే స్పీడ్‌లో ఇంకోటి తీయండి. ఏది ముందుదో ఏది తర్వాతదో చెప్పకుండా ఒక స్నేహితుడికి చూపించండి. ఇంట్లో చేసుకోగలిగిన చిన్న బ్లైండ్ టెస్ట్ ఇది. తేడా ఉంటే అతనికి కూడా కనిపించాలి. కనిపించకపోతే ఆ డబ్బు ఇంకోదానికి పెట్టండి.

చివరగా ఒక్క మాట. టాంగ్ కాలం నాటి ఆ 600 మందినీ, 1608లో పుస్తకం రాసిన ఆ అన్నదమ్ములనీ నేను తక్కువ చేయడం లేదు. నోరు లేని జీవికి జబ్బు చేస్తే దాని పక్కన కూర్చుని, కనిపించినదంతా రాసిపెట్టి, తర్వాతివాళ్ళకి అందించారు. తమ కాలంలో దొరికిన బెస్ట్ టూల్స్‌తో పని చేశారు. వాళ్ళని గౌరవించడమంటే మన కాలంలో ఉన్న బెస్ట్ టూల్స్‌ని మనం వాడడమే. వాళ్ళ పేరు చెప్పి పరీక్షలు ఎగ్గొట్టడం గౌరవం అనిపించుకోదు.

మీ తాతల కాలంలో పశువులకి ఏం వైద్యం చేసేవారో, వాతల కథలు ఏమైనా విన్నారో కామెంట్స్‌లో రాయండి. ఏ జిల్లానో కూడా రాయండి, మంచివి వస్తే వాటి మీదే ఒక ఎపిసోడ్ చేద్దాం. ముసలి కుక్క ఉన్న ఫ్రెండ్ ఎవరైనా గుర్తొస్తే ఈ వీడియో పంపండి. మళ్ళీ కలుద్దాం, ఉంటాను.